పదకొండు వేల కనెక్షన్లున్నా ఒక్క ఆర్డరూ రాలేదన్న తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివా. అమలాపురం దగ్గర కోకోపీట్, అంటే మొక్కలకి వాడే కొబ్బరి పొట్టు యూనిట్టు, ఐదు కేజీల బ్లాకులు, మూడేళ్ళుగా లింక్డిన్‌లో రోజూ కూర్చుని పదకొండు వేల కనెక్షన్లు పోగేశావు, పోస్టు పెడితే రెండొందల లైకులు వస్తున్నాయి గానీ ఒక్క ఆర్డరూ రాలేదు, ఇప్పుడు డబ్బులు కట్టి, అమ్మేవాళ్ళ కోసం లింక్డిన్ పెట్టిన సేల్స్ నావిగేటర్ తీసుకోవాలా లేకపోతే ఇదంతా వదిలేసి పాతకాలం లాగా ఏజెంట్ల వెనకే తిరగాలా అని కదా అడిగావు.

సమాధానం కంటే ముందు ఒకటి చెప్తా, కోప్పడకు. నీ పేరు ఎక్కడో చూసినట్టుందని నా కనెక్షన్లలో వెతికా. ఉన్నావు. రెండేళ్ళు దాటింది, నువ్వే రిక్వెస్టు పంపావు, నేను ఒప్పుకున్నా, అంతే, తర్వాత నీ నుంచి మాటా లేదు మంతీ లేదు. నాది కడియపులంకలో నర్సరీ, హోల్‌సేల్. ప్రొఫైల్లో మొదటి లైన్లోనే నర్సరీ అని ఉంది. వానాకాలం సీజన్లో నెలకో లోడు కోకోపీట్ దింపుతాం మేం, ఎక్కడ నుంచి అనుకున్నావ్, పొల్లాచ్చి నుంచి. తమిళనాడు నుంచి లారీ కిరాయి కట్టి తెప్పించుకుంటున్నా. నీ యూనిట్టు నుంచి రావులపాలెం మీదుగా నా గేటు దాకా గంటన్నర ప్రయాణం.

ఇంక నీకు కనెక్షన్లు తక్కువై ఆర్డర్లు రావట్లేదని ఎలా అంటాను చెప్పు. కొనేవాళ్ళు నీ దగ్గర ఇప్పటికే ఉన్నారు, వాళ్ళెవరో నువ్వు ఒక్కసారి కూడా తిరిగి చూసుకోలేదు. నేనూ అయిదేళ్ళు ఇదే పని చేశా కాబట్టి చెప్తున్నా, ఎగతాళి కాదు.

మా మేనల్లుడు నాకు అకౌంటు తెరిచి ఇచ్చింది 2015లో. అప్పటికి మా వ్యాపారమంతా హైవే పక్క బోర్డు చూసి ఆగే కార్లూ, ఏళ్ళ తరబడి తెలిసిన కాంట్రాక్టర్లూ. హైదరాబాద్, బెంగళూరు గేటెడ్ కమ్యూనిటీలకి మొక్కలు ఎక్కువగా మా కడియం వైపు నుంచే వెళ్తాయి గానీ మధ్యలో ఇద్దరు ముగ్గురు ఏజెంట్లు తినేవాళ్ళు, నేరుగా వాళ్ళనే పట్టుకుందామని మొదలుపెట్టా. మొదలుపెట్టి ఏం చేశానంటే కనపడిన ప్రతివాడికీ రిక్వెస్టు కొట్టా. సాఫ్ట్‌వేర్ వాళ్ళు, హెచ్ఆర్ వాళ్ళు, లైఫ్ కోచ్‌లు, అందరూ. ఆరు వేలయ్యాక ఇదేదో చేత్తో ఎందుకు కొట్టడం అని ఒక ఆటోమేషన్ టూల్ కొన్నా, దాని పేరు అనవసరం, అది రాత్రిపూట నా పేరు మీద వందల మెసేజులు పంపేది. ఒకరోజు తెల్లారి చూస్తే అకౌంటు ఆపేశారు. వాళ్ళ తప్పేం లేదు, బాట్లు వాడకూడదని వాళ్ళ నియమాల్లో స్పష్టంగానే ఉంది, నేనే చదవలేదు. మళ్ళీ తెరుచుకోవడానికి పట్టిన రోజుల్లో ఒక పెద్ద కాంట్రాక్టరు నా మెసేజ్‌కి జవాబిచ్చి, నేను పలక్కపోయేసరికి పక్క నర్సరీకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏ టూలూ ముట్టుకోలేదు. నువ్వూ ముట్టుకోకు.

ఇంకొకటి, లింక్డిన్‌లో కనెక్షన్లకి 30,000 అని హద్దు ఉంది, అది దాటితే ఫాలోవర్లే తప్ప కనెక్షన్లు కుదరవు. అంటే పనికిరానివాడిని ఎక్కించుకున్న ప్రతిసారీ ఒక కుర్చీ పోయినట్టే. నువ్వు ఇంకా పదకొండు వేల దగ్గరే ఉన్నావు, తొందరేం లేదు, కానీ కొత్తవాళ్ళని ఎక్కించడం ఒక మూడు నెలలు ఆపెయ్.

మా నాన్నకి వరి చేలు ఉండేవి, కాలవ చివర ఉండే శివారు భూములు. డెల్టాలో పుట్టినోడివి నీకు చెప్పక్కర్లేదు, ధవళేశ్వరం దగ్గర చూస్తే సముద్రంలా నీళ్ళు, మా చేలో చూస్తే బీటలు. కాటన్ దొర ఆనకట్ట కట్టి 170 ఏళ్ళు దాటినా రెండో పంట దాళ్వా వచ్చిందంటే శివారు రైతుకి కాలవ నీళ్ళు వదిలే లస్కరుతో గొడవ తప్పదు. గోదావరిలో నీళ్ళు తగ్గిన ఏడాది ఏం చేస్తారు, వంతులు పెడతారు, ఈ కాలవకి ఇన్ని రోజులు ఆ కాలవకి ఇన్ని రోజులు అని. నా బుర్రకి లింక్డిన్ అర్థమైంది ఆ వంతుల లెక్కతోనే. నాకున్న టైము రోజుకి నలభై నిమిషాలు, అదే నా నీళ్ళు. నాకున్న పద్నాలుగు వేల కనెక్షన్లకి ఒకేసారి వదిలితే ఎవరి చేనూ తడవదు.

సరే, పని దగ్గరికి వద్దాం. కంప్యూటర్ ముందు కూర్చో, ఫోన్లో కాదు. సెట్టింగ్స్‌లో డేటా ప్రైవసీ అని ఉంటుంది, అందులో గెట్ ఎ కాపీ ఆఫ్ యువర్ డేటా. కనెక్షన్లు, మెసేజులు రెండూ టిక్ పెట్టి అడుగు, ఫైలు రెడీ అయ్యాక మెయిల్ వస్తుంది. కనెక్షన్ల ఫైల్లో పేరు, కంపెనీ, హోదా, ప్రొఫైల్ లింకు, ఏ తారీఖున కనెక్టయ్యారో ఉంటాయి. మెయిల్ ఐడీ మాత్రం వాళ్ళు చూపించడానికి ఒప్పుకున్నవాళ్ళదే వస్తుంది, చాలామందిది ఖాళీగా ఉంటుంది. ఊరు అసలే రాదు, ఇది చాలామందికి తెలీక తర్వాత తల పట్టుకుంటారు, ఊరు కావాలంటే సైట్లోకెళ్ళి ఫస్ట్ డిగ్రీ కనెక్షన్లు, అంటే నీతో నేరుగా కనెక్టయినవాళ్ళు, అని పెట్టి లొకేషన్ ఫిల్టర్ కొట్టి చూసుకోవాల్సిందే. ఫ్రీ అకౌంటుకి నెలకి వెతకడానికీ ఒక పరిమితి ఉంది, వ్యాపారం కోసం ఎక్కువ వెతుకుతున్నావని అనిపిస్తే ఆపేస్తుంది, మళ్ళీ ఒకటో తారీఖున తెరుచుకుంటుంది. అందుకే నేను వెతుకులాట అంతా నెల మొదట్లో కానిచ్చేస్తా, నెలాఖరు మెసేజులకి.

ముందు మెసేజుల ఫైలు తెరువు, కనెక్షన్లది తర్వాత. ఎందుకంటే డబ్బు దాంట్లో ఉంటుంది. నేను మొదటిసారి తెరిచినప్పుడు సిగ్గుతో చచ్చిపోయా. రేటు ఎంత అని అడిగి, నేను జవాబివ్వక అలాగే ఉండిపోయినవాళ్ళు 31 మంది. లేక లేక అడిగినవాళ్ళు వాళ్ళు, హ్యాపీ బర్త్‌డేలూ కంగ్రాట్స్‌లూ కింద పడి కప్పబడిపోయారు. వాళ్ళలో ఒకాయన విశాఖలో రిసార్టుకి ఫాక్స్‌టెయిల్ పామ్‌లు అడిగి ఏడాదిన్నర అయింది. ఆలస్యానికి క్షమించమని రాశా, పామ్‌లు అయితే ఎప్పుడో కొనేసుకున్నాడు గానీ డివైడర్‌లో పెట్టడానికి బోగన్‌విల్లా కావాలన్నాడు. నా మొదటి లింక్డిన్ ఆర్డరు అది. కొత్త మనిషి కాదు చూడు, పాత మెసేజ్.

తర్వాత కనెక్షన్ల ఫైలు ఎక్సెల్‌లో పెట్టుకుని హోదా కాలమ్‌లో ఫిల్టర్ వెయ్యి. ఇక్కడ నీ సరుకు ఎవరు కొంటారో నీకు తెలిసుండాలి, అది ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. నా సంగతి చెప్తా. ఒక గేటెడ్ కమ్యూనిటీకి మొక్కలు వెళ్ళాలంటే ముగ్గురి చేతులు మారాలి. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు లిస్టు రాస్తాడు, ఏ మొక్క, ఎన్ని అడుగులు, కాండం ఎంత లావు అని. బిల్డరు కంపెనీలో పర్చేజ్ మేనేజరు రేట్లు పిలుస్తాడు. చివరికి కొనేది ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టరు, మొక్క చచ్చిపోతే మార్చివ్వాల్సిన బాధ్యత కూడా అతని మీదే ఉంటుంది. నేను చాలాకాలం పర్చేజ్ మేనేజర్ల వెంట పడ్డా, వాళ్ళు రేటు తప్ప వేరే మాట్లాడరు. ఆర్కిటెక్టుని పట్టుకుంటే కథ మారింది. ఎందుకంటే అతని లిస్టులో దొరకని సైజు రాస్తే సైటు ఆగిపోతుంది, ఆ భయం అతనికుంటుంది, కాబట్టి ఏ నెలలో మా దగ్గర ఏ మొక్క ఏ సైజులో ఎన్ని ఉన్నాయో ఊరికే పంపుతుంటే అతనే మనల్ని వెతుక్కుంటూ వస్తాడు. ఆర్కిటెక్టు నా దగ్గర రూపాయి కొనడు, కానీ అతను రాసిన లిస్టే మూడు నెలల తర్వాత కాంట్రాక్టరు చేతుల్లో నా గేటు ముందుకొస్తుంది.

నీకూ అలాంటివాళ్ళు ఉంటారు. పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్లలో కూరగాయలు పండించేవాళ్ళు, మట్టి లేకుండా పండించే హైడ్రోపోనిక్స్ వాళ్ళు, మాలాంటి నర్సరీలు, హైదరాబాద్‌లో మిద్దెతోటల సామాను అమ్మే షాపులు, ఇక విదేశాల్లో ఇంపోర్టర్లు. వీళ్ళలో పాలీహౌస్ కట్టిచ్చే కంపెనీల్లో పనిచేసే అగ్రానమిస్టులు ఉంటారు, రైతుకి ఏ కోకోపీట్ వాడాలో చెప్పేది వాళ్ళే. నీ ఆర్కిటెక్టు వాళ్ళన్నమాట. అందరినీ ఒకే గంపలో వెయ్యకుండా షీటులో ఒక కాలమ్ పెట్టి చెప్పేవాడా, కొనేవాడా, పరిచయం చేసేవాడా, ఏదీ కాదా అని రాసుకో. ఏదీ కాదు అనేవాళ్ళే ఎక్కువ తేలతారు, బెంగపడకు. నా పద్నాలుగు వేలల్లో పనికొచ్చేవాళ్ళు ఆరొందల మంది తేలారు, అందులో నిజంగా ఈ ఏడాది మాట్లాడాల్సినవాళ్ళు నూటనలభై. ఇంగ్లండులో రాబిన్ డన్‌బర్ అనే ఆంత్రోపాలజిస్టు 1990ల్లోనే లెక్కకట్టి చెప్పాడట, మనిషి బుర్ర నిలుపుకోగలిగే సంబంధాలు నూటయాభై లోపే అని. దాని మీద వాదనలున్నాయనుకో, నా అనుభవంలో మాత్రం నూటనలభై దాటితే ఎవడి కూతురి పెళ్ళి ఎప్పుడో మర్చిపోతున్నా.

మన డెల్టావాళ్ళకి ఒక సౌకర్యం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరు. తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది కదా, 2007లో పెట్టింది. అక్కడ చదివినవాళ్ళు ఇప్పుడు దేశమంతా ఎరువుల కంపెనీల్లో, పాలీహౌస్ కంపెనీల్లో, ఎగుమతి సంస్థల్లో, హోటళ్ళ గార్డెన్లలో ఉన్నారు. లింక్డిన్‌లో స్కూల్ అని ఫిల్టర్ ఉంటుంది, ఆ యూనివర్సిటీ పేరు కొట్టి చూడు. వాళ్ళకి అంబాజీపేట అంటే తెలుసు, అక్కడి ఉద్యాన పరిశోధన కేంద్రం తెలుసు, కొబ్బరి పొట్టు అంటే మొహం చిట్లించరు. మెసేజ్‌లో మన ఊరి పేరు కనపడితే జవాబు రాకపోవడం చాలా తక్కువ. నేను పూణెలో ఒకమ్మాయికి రాస్తే, అండీ మాది ఆత్రేయపురం అంది, ఇంక ఆ తర్వాత వ్యాపారం మాట్లాడ్డానికి ముందు పూతరేకుల గురించి పదిహేను నిమిషాలయింది.

అన్నట్టు దగ్గరవాళ్ళా దూరపువాళ్ళా ఎవరు పనికొస్తారని కూడా అడిగావు. 2022లో లింక్డిన్‌లోనే రెండు కోట్ల మంది మీద చేసిన ఒక అధ్యయనం వచ్చింది, అది ఉద్యోగాల గురించి, ఆర్డర్ల గురించి కాదు. మరీ దగ్గరివాళ్ళ కంటే, ముక్కూమొహం తెలియనివాళ్ళ కంటే, కాస్త పరిచయం ఉన్న మధ్యరకం వాళ్ళ వల్లే ఉద్యోగాలు ఎక్కువ దొరికాయని తేల్చారు. నా వ్యాపారంలోనూ అంతే కనపడింది. బావమరిదికి తెలిసింది నాకూ తెలుసు, కొత్తగా ఏం చెప్తాడు. ఒకటి రెండుసార్లు మాట్లాడి, ఒకసారి నర్సరీకి వచ్చి వెళ్ళినవాడు ఉంటాడు చూడు, వాడు చెప్పే కబురే పనికొస్తుంది.

వంతుల సంగతి. నూటనలభై మందిని పన్నెండు వారాలకి పంచుకున్నా, వారానికి పదకొండో పన్నెండో మంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున్నే మొక్కలకి నీళ్ళు పెట్టించి టీ తాగుతూ రోజుకి ఇద్దరు ముగ్గురు. ముందు వాళ్ళ ప్రొఫైల్ చూస్తా, ఏం పోస్టు పెట్టారు, ఏ సైటు పూర్తయింది, ఉద్యోగం మారారా, అప్పుడు రాస్తా. పన్నెండు వారాలకి మళ్ళీ మొదటివాడి వంతు వస్తుంది. ఏప్రిల్లో కాలవలు కట్టేసినట్టు నేను కూడా మేలో మెసేజులు కట్టేస్తా, ఆ ఎండల్లో మొక్కలు కొనేవాళ్ళు తక్కువ, జూన్ మొదటివారంలో వదులుతా. నీ సరుక్కి సీజన్ ఎప్పుడో నువ్వు చూసుకో.

ఆ టైమ్‌లో ఏం రాయాలి అనేది అసలు విషయం. నువ్వు పంపిన మెసేజ్ నమూనా చూశా, మేము ప్రముఖ తయారీదారులం, నాణ్యమైన ఉత్పత్తులు, పోటీ ధరలు, మీ విలువైన ఆర్డరు కోసం ఎదురుచూస్తున్నాం అని. దాంట్లో కోకోపీట్ తీసేసి ఇత్తడి బిందెలు అని పెట్టినా సరిపోతుంది. కొనేవాడికి కావాల్సింది ఇసి, అంటే ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, ఎంత, కడిగిందా కడగందా, కాల్షియం నైట్రేట్‌తో బఫర్ చేసిందా, అంటే లోపల పట్టి ఉన్న సోడియం, పొటాషియం పోగొట్టిందా, తేమ ఎంత, ఐదు కేజీల బ్లాకు తడిపితే ఎన్ని లీటర్లవుతుంది, ఇవి. ఒక్కటీ లేదు. నేనైతే ఇలా రాస్తా, రాసేది ఇంగ్లీషులోనే అనుకో, సంగతి మాత్రం ఇది. "నమస్తే అండి, రెండేళ్ళ క్రితం కనెక్ట్ అయ్యాం, మాట్లాడుకోలేదు. మీరు ఫలానా చోట పాలీహౌస్‌లు చూస్తున్నారని చూశాను. మాది అమలాపురం దగ్గర కోకోపీట్ యూనిట్టు, కాలవ నీళ్ళతో కడుగుతాం. మీ రైతులు కడిగింది వాడతారా, బఫర్ చేసింది వాడతారా? తెలిస్తే దానికి తగ్గ టెస్టు రిపోర్టు పంపుతాను. అవసరం లేకపోతే లేదని ఒక్క మాట రాయండి చాలు." ఆ ఆఖరి వాక్యం తీసెయ్యకు. వద్దనడానికి దారి ఇస్తేనే చాలామంది జవాబిస్తారు, వద్దని రాసినవాళ్ళు కూడా చాలాసార్లు ఫలానావాళ్ళని అడగండి అని ఇంకో పేరు ఇస్తారు.

మొదటి మెసేజ్‌లో బ్రోచర్ పీడీఎఫ్ తగిలించకు, ఫోన్ నంబర్లు నాలుగు పెట్టకు. జవాబు రాకపోతే మూడు వారాలాగి ఒక్కసారి, అదీ కొత్త కబురు ఏదైనా ఉంటేనే, "నా మెసేజ్ చూశారా" అని మాత్రం వద్దు. తర్వాత వాళ్ళ వంతు వచ్చేదాకా వదిలెయ్.

ఇంకో కిటుకు, ఇది నీ దగ్గర డబ్బు తీసుకోకుండా ఎవరూ చెప్పరు, నవ్వుకో. ప్రతి నాలుగు నెలలకీ ఆ కనెక్షన్ల ఫైలు మళ్ళీ దింపి పాత ఫైలుతో పోల్చు, ఎక్సెల్‌లో రెండు లిస్టుల్ని పోల్చే వీ-లుకప్ (VLOOKUP) ఫార్ములా వాడితే నిమిషాల పని. ఎవరి కంపెనీ పేరు మారిందో వాళ్ళు ఉద్యోగం మారినట్టు. పర్చేజ్ మేనేజరు కొత్త కంపెనీకి వెళ్ళాక మొదటి రెండు మూడు నెలల్లో తన మనుషుల్ని, తను నమ్మిన సప్లయర్లని తెచ్చుకుంటాడు. పాత కంపెనీలో అతని కుర్చీలోకి కొత్తవాడొస్తాడు, వాడికి ఎవరూ తెలీదు. ఒక మనిషి మారితే రెండు తలుపులు తెరుచుకున్నట్టు. సేల్స్ నావిగేటర్ చేసే పెద్ద పనుల్లో ఇదొకటి, ఉద్యోగం మారగానే గంట కొట్టి చెప్తుంది, లిస్టులు పెట్టుకోనిస్తుంది, నోట్స్ రాసుకోనిస్తుంది. మంచిదే. కానీ నీ షీటు తయారై, రెండు వంతులు తిరిగి, ఇంక చేత్తో కుదరట్లేదు అనిపించాక కొనుక్కో. ఇప్పుడు కొంటే ఏ లిస్టు పెట్టాలో కూడా నీకు తెలీదు, నెలనెలా డబ్బు పోతుంది అంతే.

పోస్టుల గురించి ఎక్కువ చెప్పను. రెండొందల లైకులు ఎవరివో ఒకసారి నొక్కి చూడు, నీలాగే అమ్మేవాళ్ళవే అయ్యుంటాయి. నాకు కొనేవాళ్ళ ఎంక్వైరీలు తెచ్చిన పోస్టు ఒకటుంది, అది నేను తప్పు చేసిన కథ. మే నెలలో బెంగళూరు సైటుకి మూడొందల మొక్కలు మిట్టమధ్యాహ్నం లోడు చేయించా, కుర్రాళ్ళు అప్పటికప్పుడు తడిపి ఎక్కించారు, దారిలో వేళ్ళ మట్టి విరిగిపోయింది, టార్పాలిన్ కింద ఆవిరికి డెబ్భై దాకా మాడిపోయాయి. డబ్బులు నేనే భరించి మళ్ళీ పంపా. ఏం తప్పు జరిగింది, ఇప్పుడు ముందురోజే నీళ్ళు పెట్టి సాయంత్రం చల్లబడ్డాకే ఎందుకు ఎక్కిస్తున్నాం, ఆకులు ఎలా కడుతున్నాం అని ఫోటోలతో సహా పెట్టా. లైకులు నలభై కూడా రాలేదు, కాంట్రాక్టర్లు అయిదుగురు మెసేజ్ చేశారు. నువ్వు కూడా ఉప్పునీళ్ళలో నానిన కొబ్బరి డొక్కకీ (పీచుతో ఉన్న పై తొక్క) కాలవ నీళ్ళలో నానిన డొక్కకీ ఇసి మీటరు పెట్టి తేడా చూపిస్తూ ఒక చిన్న వీడియో పెట్టు, అగ్రానమిస్టు ఆగి చూస్తాడు. సంక్రాంతి శుభాకాంక్షలు పోస్టర్లు పెట్టడం ఇంక ఆపు.

సంక్రాంతి అంటే గుర్తొచ్చింది. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసే మన జిల్లాల వాళ్ళంతా భోగికి దిగిపోతారు కదా. డిసెంబర్ ఆఖర్లో నేను లిస్టులో మనూరివాళ్ళని విడిగా తీసి పండక్కి వస్తున్నారా అని అడుగుతా, వస్తే కనుమ తర్వాత ఒక పూట నర్సరీ చూసి, మొక్కలు రెండు ఇంటికి పట్టుకెళ్ళమంటా. పిల్లల్తో వస్తారు, ఫోటోలు దిగుతారు. వ్యాపారం ఆరోజు మాట్లాడను. ఏడాది పొడుగునా పంపిన మెసేజులన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క పూట ఒక ఎత్తు.

మాట కలిసినవాళ్ళని వాట్సాప్‌లోకి తెచ్చుకో, కానీ వాళ్ళు నంబరిచ్చాకే. వాట్సాప్ బిజినెస్‌లో లేబుళ్ళు ఉంటాయి, శాంపిల్ పంపినవి, రేటు చెప్పినవి, బాకీ ఉన్నవి అని పెట్టుకో. బ్రాడ్‌కాస్టు లిస్టుకి 256 మంది దాకా పడతారు, అయితే నీ నంబరు వాళ్ళ ఫోన్లో సేవ్ చేసుకుని ఉంటేనే అందుతుంది, చాలామంది పంపేశాం అనుకుని కూర్చుంటారు గానీ సగం మందికి వెళ్ళదు. నేను నెలకి ఒక్కసారే పంపుతా, ఆ నెల స్టాకు లిస్టు. చెప్పకుండా గ్రూపుల్లో చేర్చడం లాంటివి వద్దు, చేర్చిన రోజే బ్లాకు చేస్తారు. ఒకాయన నా లిస్టు మొత్తం కొంటానని వచ్చాడు, పేరుకింత అని. వాళ్ళు నన్ను చూసి నంబరిచ్చారు నిన్ను చూసి కాదు అని పంపించేశా. 2023లో డేటా రక్షణకి చట్టం కూడా వచ్చింది, అది పక్కన పెట్టినా మొహం ఎలా చూపిస్తాం వాళ్ళకి.

విదేశాల ఆర్డర్లంటే నీకు మోజుందని అర్థమైంది. ఒక కంటెయినర్ అంటే ఇరవై టన్నుల పైమాటే, మొదటి బ్లాకు నుంచి ఆఖరి బ్లాకు దాకా ఒకే ఇసి ఉండాలి, సరుకులో చీడపీడలు లేవని చెప్పే ఫైటోసానిటరీ సర్టిఫికెట్టు, కోడ్‌లు, పేపర్లు చాలా ఉంటాయి. ముందు ఇక్కడి నర్సరీలకీ పాలీహౌస్‌లకీ ఆరు నెలలు ఒకే క్వాలిటీ ఇచ్చి చూపించు. ఈలోపు విదేశీ పేర్లతో మెసేజులు వస్తాయి, అయిదు కంటెయినర్లు కావాలి, రేటు మీ ఇష్టం, మా దేశంలో సప్లయర్ రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం ముందు కట్టండి అని. బేరం ఆడనివాడిని నమ్మకు, అంతే. మా పక్క నర్సరీ ఆయన దాదాపు కట్టేసేవాడే, కొడుకు ఆపాడు. నిజమైన ఇంపోర్టరు అయితే శాంపిల్ అడుగుతాడు, రిపోర్టు అడుగుతాడు, విసిగిస్తాడు. అలాంటివాడు దొరికాక అప్పు మీద సరుకు పంపేముందు ఈసీజీసీ వాళ్ళ దగ్గరికి వెళ్ళు, 1957 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ, కొన్నవాడు డబ్బు ఎగ్గొడితే ఆదుకునే ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గర ఉంటుంది. రాజమండ్రిలో కాయిర్ బోర్డు వాళ్ళని కూడా ఒకసారి కలువు, పోయేదేం లేదు.

ఒకే దేశం మీద కూర్చోకు కూడా. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం వైపు రొయ్యల వాళ్ళు ఎంత అల్లాడారో చూశావు కదా. వేరే దేశాల్లో కొనేవాళ్ళని అప్పుడు వెతకడం మొదలుపెడితే నెలలు పడుతుంది, ముందునుంచే ఏడాదికి రెండు మాటలు మాట్లాడుతున్న మనుషులుంటే ఫోన్ తీసి అడగొచ్చు. అందుకే నా నూటనలభైలో ఇరవై మంది ఇప్పుడు నాకు ఏ పనికీ రానివాళ్ళే ఉంటారు, వాళ్ళకీ వంతు ఇస్తా.

ఎన్నాళ్ళకి ఫలితం అని అడుగుతావు. నాకు మొదటి ఏడాది ఈ పద్ధతిలో వచ్చినవి నాలుగు ఆర్డర్లు. నవ్వొస్తుందా, ఆ నాలుగు కలిపి పదకొండు లారీలు. అందులో ఇద్దరు ఇప్పటికీ కొంటున్నారు. పద్నాలుగు వేల మంది మీద చూస్తే ఏమీ కాదు, నూటనలభై మంది మీద చూస్తే చాలా ఎక్కువ.

ఇంక నా సంగతి. నాకు బఫర్ చేసింది అక్కర్లేదు, కడిగింది కావాలి, ఇసి ఒకటి లోపు ఉంటే చాలు, పీచు ఎక్కువ ఉండకూడదు. రెండు వేరువేరు లాట్ల నుంచి చెరో రెండు బ్లాకులు, టెస్టు రిపోర్టుతో పట్టుకుని పొద్దున్న తొమ్మిదిలోపు నర్సరీకి రా, తర్వాత లోడింగులో ఉంటా. పొల్లాచ్చి రేటు కంటే తక్కువకే ఇవ్వాలని ముందే అనుకుని రాకు, కిరాయి మిగిలేది ఇద్దరం పంచుకుందాం. వచ్చేముందు ఆ ఎక్సెల్ షీటు మొదలుపెట్టి నా పేరు ఏ కాలమ్‌లో రాశావో చెప్పు.